టేపక్క నీలం గౌను

మా పెద్ద తోడికోడలిని వీధిలో అందరూ టేపక్క అంటారు. మెడలో కొలత టేపు లేకుండా ఆవిడని చూసినవాళ్లు లేరు. మార్కెట్టు వెనక సందులో ఆవిడకో కుట్టు దుకాణం ఉంది. రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, మూలన ఒక నిలువుటద్దం. ఆవిడ కత్తిరించి కుడుతుంది, నేను కాజాలు తీసి గుండీలు వేస్తాను. ఇంట్లో ఎప్పుడైనా ఎడమొహం పెడమొహంగా ఉన్నా, దుకాణంలో మాత్రం మాదొకటే మాట.

టేపక్కకి ఒక పట్టుదల ఉంది. ఎవరి బట్ట కుట్టినా పక్క కుట్ల లోపల రెండు వేళ్ల గుడ్డ వదులుతుంది, రేపు ఒళ్లు చేస్తే కుట్టు విప్పి వదులు చేసుకోవచ్చని. సన్నటి పిల్లలు "మేం లావెక్కం ఆంటీ, మాకెందుకు?" అంటే, "ఒళ్లు నీ మాట వింటుందని ఎవరు చెప్పారే? కనీసం గుడ్డనైనా విననీ" అనేది.

అలాంటి మనిషి తన గౌనుకి మాత్రం గుడ్డ వదల్లేదు. ఎందుకో చెప్తాను.

ఆవిడ పెళ్లినాటి నుంచీ బొద్దే. రానురాను మోకాళ్లు మిషను తొక్కనివ్వలేదు, షుగరు పట్టుకుంది. చెయ్యని పథ్యం లేదు. చివరికి ఆపరేషను చేయించుకుంది, లోపల పొట్ట సంచిని కోసి చిన్నది చేసే ఆపరేషను. ఆ ఏడాది మా కళ్ల ముందే కరిగిపోయింది. మెట్లెక్కుతూ పాటలు పాడేది. ఆ ఊపులో నీలం గుడ్డ తెచ్చి ఒంటికి అతికినట్టు గౌను కుట్టుకుంది. లోపల మిగిలిన గుడ్డని కత్తెరతో కుట్టు అంచుదాకా కోసేసింది.

"అక్కా, నీకు గుడ్డ వదల్లేదేంటి?" అన్నాను.

"ఇంకెందుకే? వెనక్కెళ్లేది లేదు."

ఆ పీలికల్ని ఆవిడ కూర్చునే దిండులో కూరాం. ఆసుపత్రివాళ్లు ఆ గౌనులో ఆవిడ ఫొటో తీసి హాలు గోడకి నిలువెత్తున పెట్టుకున్నారు. పక్కనే పాత ఫొటో. కింద 'ముందు', 'తర్వాత' అని రాశారు.

తర్వాత మెల్లగా బరువు తిరిగి రావడం మొదలుపెట్టింది. తగ్గినదాంట్లో సగందాకా వచ్చేసింది. నోరు కట్టుకోలేకపోయిందని వీధి తీర్పు. శుద్ధ అబద్ధం. రోజూ ఆవిడ పక్కన కూర్చుని తిన్నదాన్ని, ఆవిడ గిన్నెలో ఎంతుండేదో నాకు తెలుసు. మా బావగారైతే ఆవిడ చెయ్యి గిన్నెవైపు వెళ్లినప్పుడల్లా గొంతు సవరించుకునేవారు. "ఇంత చేసిందీ బూడిదలో పోసిన పన్నీరు" అనేవారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా! నాకు ఒళ్లు మండిపోయేది.

భయం మాత్రం ఇంకొకందుకు వేసింది. టేపక్క ఆసుపత్రికి వెళ్లడం మానేసింది. మోకాళ్లు మళ్లీ వాచాయి. కూర్చుని లేస్తే కళ్లు తిరిగేవి. వేసుకోమన్న మాత్రలు ఎప్పుడో అయిపోయాయి. వెళ్దాం పదమంటే, "ఆ ఫొటో ముందు నుంచి ఎలా నడవనే?" అనేది.

అలాంటప్పుడు, దుకాణంలో ఉండగా ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. ఆపరేషను చేయించుకున్నవాళ్ల సమావేశం పెడుతున్నారట. ఆ నీలం గౌనులోనే వచ్చి నాలుగు మాటలు చెప్పాలట.

ఫోను పెట్టేసి, ఇంటి నుంచి గౌను తెచ్చి వేసుకుంది. జిప్పు నడుం దగ్గరే ఆగిపోయింది. విప్పి, అలవాటుగా తిరగేసి పక్క కుట్లు చూసింది. వదులు చెయ్యడానికి అక్కడ ఏముందని? టేపక్క ఏడవగా నేనెప్పుడూ చూడలేదు, ఆ రోజు చూశాను.

"ఊరందరికీ వదిలాను. నాకు నేనే వదల్లేదు చూడు."

"రాలేనని చెప్పెయ్యక్కా. జ్వరమని నేను చెప్తాలే."

ఆవిడ నావైపు ఒక్క చూపు చూసింది. ముక్కు చీదుకుని కత్తెర అందుకుంది. చంక కింద నుంచి కింది అంచుదాకా రెండు పక్కలా గౌనుని చీల్చేసింది. నేను ముదురు నీలం గుడ్డ వెతికి, "ఇది కలిసిపోతుంది, కనపడదు" అన్నాను.

"కనపడకపోతే వెయ్యడం దేనికి?" అని పసుపు గుడ్డ లాగింది. దూరం నుంచి కూడా కళ్లలో పడే పసుపు. రెండు పక్కలా బెత్తెడు పట్టీలు వేసి టకటకా కుట్టేసింది.

సమావేశానికి ఇద్దరం వెళ్లాం. గుమ్మం దగ్గర ఆసుపత్రి అమ్మాయి ఫొటోని చూసి, ఈవిడని చూసి, "మేడం, మీరు కాస్త వెనక వరసలో..." అని నసిగింది. టేపక్క వింటేగా! తిన్నగా వెళ్లి ఫొటో కింద నిలబడి మైకు పట్టుకుంది.

"అది ముందు, ఇది తర్వాత. నేను ఆ 'తర్వాత'కి తర్వాతదాన్ని. నన్ను గోడకి ఎవరూ పెట్టలేదు, అందుకే నేనే వచ్చాను." చేతులెత్తి రెండు పక్కలా పసుపు చూపించింది. "ఇదంతా తిరిగొచ్చిన బరువు. దొంగసొత్తు కాదు దాచుకోవడానికి. సిగ్గుపడి ఇన్నాళ్లూ ఇటు రాలేదు. మోకాళ్లు వాచాయి గానీ ఆ సిగ్గుతో ఒక్క కిలో తగ్గలేదు. ఇక సిగ్గుపడను. డాక్టరుగారూ, నన్ను చూస్తారా, ఆ ఫొటోనే చూసుకుంటారా?"

వెనక వరసలో ఒకాయన లేచి, బిగుసుకుపోయిన కోటు గుండీలు విప్పేసి, "నాకూ తిరిగొచ్చిందమ్మా. ఆ సిగ్గుతోనే, ఆసుపత్రికి ఇదే ఆఖరిసారి అనుకుని వచ్చాను" అన్నాడు. పక్కనే ఇంకొకావిడ చెయ్యెత్తింది.

డాక్టరుగారు కుర్చీలోంచి లేచారు. "చాలామందికి వస్తుందండీ. అది మేం ముందే గట్టిగా చెప్పాల్సింది. రండి, చూద్దాం" అన్నారు. టేపక్క చెప్పులు కూడా విప్పకుండా బరువు మిషనెక్కింది.

రక్తపరీక్షలు చేశారు, మాత్రలు మార్చారు, మోకాళ్లకి వ్యాయామం చెప్పారు. ఇప్పుడు కళ్లు తిరగడం లేదు. ఆ ఫొటో ఇంకా గోడమీదే ఉంది. ఈవిడ దాని ముందు నుంచే వెళ్లొస్తోంది.

మొన్న తనకి కొత్త గౌను కత్తిరించుకుంటుంటే బావగారు దుకాణానికి వచ్చారు. పక్క కుట్లకి ఆవిడ వదిలిన గుడ్డ చూసి గొంతు సవరించుకున్నారు.

"అంత వదిలావేంటి? మళ్లీ లావెక్కుదామనా?"

టేపక్క తల ఎత్తలేదు.

"లావెక్కుతానో తగ్గుతానో నా ఒళ్లు చూసుకుంటుంది. ఈ గుడ్డ వదిలింది చాలాకాలం బతుకుదామని."