రైలెక్కి వచ్చిన పావురం

ఆ ఆదివారం ఫోను మోగేసరికి అలోయ్జి పియెఖా భోజనానికి కూర్చుని ఉన్నాడు. బొగ్గు గనుల ఊరు రుదోవిట్సలో ఆదివారం మధ్యాహ్నం ఏ ఇంటి ముందు నుంచి నడిచినా ఒకటే వాసన. మాంసపు చుట్టలు, ఊదారంగు క్యాబేజీ, బొటనవేలితో గుంట నొక్కి ఉడికించిన బంగాళాదుంప ఉండలు. ఆ గుంటలో పులుసు నిలవాలి. నిలవకపోతే ఆ ఇల్లాలికి వంట రాదని వీధంతా అనుకుంటుంది. అలోయ్జి భార్య త్రూదా చేసిన ఉండల్లోంచి పులుసు కారిన రోజు లేదు. అలాంటి భోజనం మధ్యలో లేవాల్సి వచ్చినందుకు విసుక్కుంటూ అతను ఫోనెత్తాడు.

అవతల ఎవరో ఆడమనిషి. గొంతులో సముద్రం పక్క ఊళ్ల యాస. తన పేరు కొర్నేలియా అని, ఉత్తరాన ఉస్త్కా రేవులో ఉంటానని, తన బాల్కనీలోకి ఒక పావురం వచ్చి వాలిందని, కొన్నాళ్లుగా బఠాణీలు పెట్టి సాకుతున్నానని చెప్పింది. దాని కాలి కడియం మీద అతని పేరు, ఊరు, ఈ నంబరు ఉన్నాయట.

ఏ పావురమో అలోయ్జికి వెంటనే తెలిసిపోయింది. నీలి బూడిద రంగు ఆడపక్షి, మెడ మీద ఆకుపచ్చ మెరుపు. నెల కిందట పందెం పక్షుల్ని లారీలో జర్మనీ దాకా తీసుకెళ్లి వదిలినప్పుడు మిగతావన్నీ తిరిగొచ్చాయి. అదొక్కటే రాలేదు.

"ఇల్లు మరిచిన పక్షి నాకెందుకమ్మా," అన్నాడతను. "సూపు పెట్టుకొని తాగుండ్రి. జర మిరియాలు ఎక్కువెయ్యుండ్రి."

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది.

అతను తిరిగి వచ్చి కూర్చున్నాడు. త్రూదా అతని పళ్లెంలో ఇంకో ఉండ వేసింది గానీ మొహం చూడలేదు. ఆ సాయంత్రమూ మాట్లాడలేదు, మర్నాడూ మాట్లాడలేదు. త్రూదా తిట్టినంతసేపూ అలోయ్జికి భయం ఉండదు. నోరు మూసుకుందంటేనే అతనికి కాలూ చెయ్యీ ఆడదు.

నిజానికి ఫోన్లో అన్న ఆ మాట అతనిది కాదు, అతని తండ్రిది. తండ్రీ, తాతా, అతనూ ముగ్గురూ ఒకే బొగ్గు గనిలో పనిచేశారు. ఒకే ఎర్ర ఇటుకల వరుస ఇళ్లలో, కిటికీ చట్రాలకు గని వాళ్ల ఎర్ర రంగే పూసుకుని బతికారు. ఇంటి వెనక బొగ్గు కొట్టం, కొట్టం మీద చెక్కలతో కట్టిన పావురాల గూడు. ఆ వీధిలో పావురాలు లేని మగవాడు లేడు. చలికాలంలో తెల్లవారక ముందే దిగి చీకటి పడ్డాక పైకి వచ్చే మనుషులు వాళ్లు. రోజంతా నేల కింద ఉండేవాడికి ఆకాశంలో తనదంటూ ఏదో ఒకటి ఎగురుతూ ఉండాలి. అలోయ్జి పద్దెనిమిదేళ్లకు గనిలో దిగాడు. ఎండాకాలం పైకి వచ్చాక మొహం కూడా కడుక్కోకుండా తల పైకెత్తి తమ ఇంటి వైపు మబ్బుల్లో వెతికేవాడు.

తండ్రి పెట్టిన కట్టుబాటు ఒక్కటే. తనంతట తాను ఇల్లు చేరిన పక్షే మన పక్షి. ఆలస్యంగా వచ్చినదాని మెడ ఆయన అక్కడికక్కడే తిప్పేసేవాడు. అలోయ్జి అంత కఠినుడు కాదు. తప్పిపోయినదాన్ని గురించి మళ్లీ అడగకపోవడం మాత్రం అలవాటు చేసుకున్నాడు. గని మూతపడింది, మనుషుల్ని గనిలోకి దించే బావి మీది పెద్ద చక్రం తిరగడం మానింది, సాటివాళ్లు కొందరు పోయారు. పావురాలు మాత్రం ఎగురుతూనే ఉన్నాయి. అవి జర్మనీ చూశాయి, బెల్జియం చూశాయి. అలోయ్జి మాత్రం చెన్‌స్తహోవా మేరీ మాత గుడికి యాత్ర వెళ్లడం తప్ప దూరాభారం ఎరగడు.

బుధవారం పొద్దున అతను నిచ్చెన మీద నిలబడి గూడు కడుగుతున్నాడు. పక్క గూడు మీంచి గెరార్డ్ పిలిచాడు. గెరార్డ్ అతనితో పాటు గనిలో దిగినవాడు, పందేల్లో మాత్రం బద్ధ శత్రువు.

"అలోయ్జీ, నీ పావురం రైలు టికెట్ కొనుక్కొని వచ్చిందిరా. అట్టపెట్టెల కూసోని వస్తున్నది, సూడు."

చూస్తే నిజమే. పెరటి గేటు దగ్గర యాభై దాటిన ఆవిడ, పొట్టి జుట్టు, వీపు మీద సంచి, చేతుల్లో చిల్లులు పొడిచిన అట్టపెట్టె. స్టేషన్ దగ్గర సిగరెట్ల కొట్టు ఆవిడ దారి చెప్పి పంపిందట. ఆ కొట్టులో ఒకసారి దారి అడిగితే ఊరంతటికీ చాటింపు వేసినట్టే. వీధిలో అప్పటికే నాలుగు కిటికీలు తెరుచుకుని ఉన్నాయి.

అలోయ్జి నిచ్చెన దిగి టోపీ తీశాడు.

"సూప్ నాకు సరిగ్గా కుదరదండీ," అంది కొర్నేలియా. "అందుకే తీసుకొచ్చాను."

గెరార్డ్ పడీపడీ నవ్వాడు. అలోయ్జి చెవుల దాకా ఎర్రబడి పెట్టె అందుకున్నాడు. మూత తెరిచి పక్షిని రెండు చేతుల్లోకి తీసుకున్నాక అతని వేళ్లు వాటంతట అవే పని మొదలుపెట్టాయి. రెక్క విప్పి చూశాడు, తోక చూశాడు, ఈకల కింద ఛాతీ తడిమాడు. అక్కడ ఆగాడు. ఛాతీ మీంచి రెక్క మొదలు దాకా పొడుగ్గా గాయం మానిన గీత. డేగ పట్టిందో, తీగకు కోసుకుందో.

"ఇది ఇల్లు మరువలే," అన్నాడు మెల్లగా. "ఎగరలేకపోయింది."

నిచ్చెనెక్కి పక్షిని గూట్లో వదిలాడు. అది ఒకసారి ఒళ్లు విదిలించి, ఎవరినీ పట్టించుకోకుండా నడుచుకుంటూ వెళ్లి పై వరసలో కిటికీ పక్కనున్న తన అర దగ్గర ఆగింది. అక్కడ అప్పటికే ఒక కుర్రపక్షి కాపురం పెట్టి ఉంది. దాన్ని నెత్తి మీద నాలుగు పొడిచి వెళ్లగొట్టి, తను ఎక్కి కూర్చుని కళ్లు మూసుకుంది. ఇంటి కోడలు పుట్టింటి నుంచి తిరిగొచ్చినట్టు ఉందని త్రూదా కింది నుంచి అంది. మూడు రోజుల్లో ఆమె అన్న మొదటి మాట అదే.

త్రూదా అతిథిని లోపలికి పిలిచి పుల్లటి పిండి పులుసు వేడి చేసింది. సాసేజ్ ముక్కలు, ఉడికిన గుడ్డు వేసి ఇచ్చింది. కొర్నేలియా రెండోసారి వడ్డించుకోవడం చూసి త్రూదాకు ఆమె మీద మంచి అభిప్రాయం కలిగింది. మాటల్లో ఆమె సంగతులు తెలిశాయి. రేవులో పడవ షికార్లకు టికెట్లమ్మే కిటికీలో కూర్చుంటుంది. ఏడాదికోసారి సెలవు పెట్టి, ఎవరూ టికెట్లమ్మని ఊళ్లు చూసొస్తుంది. ఈసారి రుదోవిట్స పేరు పావురం చెప్పింది.

"కానీ ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి," అంది కొర్నేలియా. "ఫోన్లో అంత మాట ఎలా అన్నారు మీరు?"

అలోయ్జి తండ్రి కట్టుబాటు చెప్పడం మొదలుపెట్టాడు. సగంలో ఉండగా త్రూదా గరిటె కింద పెట్టింది.

"ఈయన్ని రాతిపెళ్ల కింద నుంచి తవ్వి తీసిండ్రమ్మా," అంది. "గనిల పైకప్పు కూలింది. ఒక పగలు, ఒక రాత్రి తవ్విండ్రు. తనంతట తాను ఇంటికి రానోడు మావోడు కాదు, ఇడిసిపెట్టుండ్రి అని ఒక్కడన్నా అన్నడా? గా గెరార్డ్ గోళ్లూడిపోయేదాక తవ్విండు. స్ట్రెచర్ మీద తెచ్చి ఇంట్ల పండవెట్టిండ్రు. నువ్వు నడుసుకుంట వచ్చినవా, చెప్పు," అని భర్త వైపు తిరిగింది.

అలోయ్జి పళ్లెం వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ సంగతి అతను ఇంట్లో ఎప్పుడూ ఎత్తలేదు. పెళ్లయిన రెండో ఏడు జరిగింది అది. ఎవరైనా అడిగితే దుమ్ము తప్ప ఏమీ గుర్తులేదని తప్పించుకునేవాడు. ఇప్పుడు, ఎప్పుడూ చూడని ఒక ఆవిడ ఎదుట, మెల్లగా చెప్పాడు. దీపం ఆరిపోయాక ఎలా ఉంటుందో, చేతికి తగిలిన గాలి గొట్టం మీద రాయితో కొడుతూ కూర్చుంటే చాలాసేపటికి అవతలి నుంచి ఎవరో తిరిగి కొట్టినప్పుడు ఏడుపెలా వచ్చిందో చెప్పాడు.

"గంతసేపు దేని గురించి ఆలోచించినవ్?" అని అడిగింది త్రూదా. ఇన్నేళ్లుగా అడగాలనుకుని అడగని ప్రశ్న అది.

"పావురాలకు నీళ్లెవరు పోస్తరా అని."

"పెండ్లాం యాదికి రాలే, పావురాలు యాదికొచ్చినయి."

"నీకు దూపైతే నువ్వే తాగుతవని తెలుసు కద," అన్నాడు అలోయ్జి.

త్రూదా అతని భుజం మీద తువ్వాలుతో ఒక్కటి వేసింది. నవ్వు ఆపుకోలేక తర్వాత అదే తువ్వాలుతో కళ్లు తుడుచుకుంది. మూడు రోజుల అలక అక్కడితో తీరిపోయింది.

భోజనం అయ్యాక కొర్నేలియా ఊరు చూస్తానంది. ఇక్కడ చూడనీకి ఏముంది, అందరూ క్రాకోవ్ పట్నం పోతరు, మీరూ గాడికే పోండ్రి అన్నాడు అలోయ్జి. త్రూదా అతనికి టోపీ తెచ్చి చేతిలో పెట్టింది. ఇక తప్పదని బయలుదేరాడు.

మొదట అతను రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఇది బడి, ఇది చర్చి అంటూ ముక్తసరిగా నడిచాడు. గని గేటు దగ్గరకు వచ్చేసరికి నడక నెమ్మదించింది. గనివాళ్లు స్నానాలు చేసే పెద్ద హాలు ఇప్పుడు సోఫాల దుకాణం. పైనుంచి గొలుసులతో బట్టలు వేలాడదీసుకునే కొక్కేలు ఇంకా కప్పుకు ఉన్నాయి. తన కొక్కెం ఏదో చూపించాడు. దాని కింద ఇప్పుడు గులాబీరంగు సోఫా ఉంది. కొర్నేలియా దాని మీద కూర్చుని, మీ చోటు మెత్తగా ఉందండీ అంది. దుకాణం అమ్మాయి వాళ్లు కొంటారేమోనని పరిగెత్తుకొచ్చింది.

ఆ తర్వాత అలోయ్జిని ఆపడం కష్టమైంది. చక్రం ఏ పక్కకు తిరిగితే మనుషులు దిగుతున్నట్టో, ఏ పక్కకు తిరిగితే ఎక్కుతున్నట్టో, ఆడవాళ్లు కిటికీల్లోంచి దాన్ని చూసి పొయ్యి మీద పులుసు ఎప్పుడు పెట్టేవాళ్లో, అన్నీ చెప్పుకొచ్చాడు. సగం మాటలు ఆమెకు అర్థం కాలేదు. మీ బొగ్గు యాస నాకు తెలియడం లేదంటే, మీ సముద్రం యాస మాకు తెలుస్తున్నదా అన్నాడతను.

ఊరి చివర గని తవ్వి పోసిన రాతిదిబ్బ ఉంది. దాని మీద ఇప్పుడు తెల్లబెరడు భూర్జ చెట్లు మొలిచి చిన్న అడవైంది. చిన్నప్పుడు రేకు ముక్కల మీద కూర్చుని దాని కింది వాలులో జారేవాళ్లు. పెద్దయ్యాక అలోయ్జి దాన్ని ఎక్కలేదు. ఎక్కే పనేముంది? కొర్నేలియా ఎక్కుదామంది. ఇద్దరూ ఆయాసపడుతూ, చెట్లు పట్టుకుంటూ పైకి చేరారు.

పైనుంచి ఎర్ర ఇళ్ల వరుసలు, చక్రం, చర్చి శిఖరం, దూరంగా పక్క ఊళ్ల పొగగొట్టాలు. వరుసల వెనక కొట్టాల మీద పావురాల గూళ్లు అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. అదే సమయానికి త్రూదా గూడు తలుపు తెరిచింది. అది సాయంత్రం పక్షుల్ని వదిలే వేళ. మంద ఒక్కసారిగా లేచి ఇళ్ల మీద చుట్టు తిరుగుతూ దిబ్బ వైపు వచ్చింది, మళ్లీ వంగి వెనక్కి వెళ్లింది. వంగిన చోట ఎండ పడి వాటి వీపులు తళుక్కుమన్నాయి.

అలోయ్జి అలాగే నిలబడిపోయాడు. గని గేటు దగ్గర నుంచి, పెరట్లోంచి, నిచ్చెన మీంచి, జీవితమంతా అతను చూసింది వాటి పొట్టలనే. అవి తన కంటే కింద ఎగరడం అతనికి కొత్త.

"ఎన్నడు సూడలే," అన్నాడు. "యాభై ఏండ్ల సంది సాదుతున్న. వీటి వీపు మీద ఎండ పడితే గిట్లుంటదని తెల్వదు."

కొర్నేలియా పక్కనున్న బండ మీద కూర్చుని సంచిలోంచి ఆపిల్ తీసి సగం చేసి ఇచ్చింది. మంద గూట్లోకి దిగేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు.

ఆ రాత్రి ఆమె, పెళ్లయి వెళ్లిపోయిన వాళ్ల కూతురి గదిలో పడుకుంది. మర్నాడు త్రూదా గసగసాల కేకు సగం కోసి కాగితంలో చుట్టి ఇచ్చింది. అలోయ్జి సంచి మోసుకుంటూ స్టేషన్ దాకా వెళ్లాడు. రైలు కదిలేటప్పుడు అతను టోపీ ఊపాడు. అది చూసి సిగరెట్ల కొట్టు ఆవిడ ఆ కబురు కూడా వీధికి చేరవేసింది.

ఆ నీలి పక్షిని అతను మళ్లీ పందేనికి పంపలేదు. గుడ్లు పెట్టి పిల్లల్ని చేయడానికి గూట్లోనే ఉంచాడు. రైల్లో వచ్చే పక్షికి పుట్టినవి బస్సులో వస్తాయని గెరార్డ్ వెక్కిరించాడు. వచ్చిన పిల్లల్లో ఒకటి తర్వాతి వేసవిలో గెరార్డ్ పక్షులన్నిటికంటే ముందు ఇల్లు చేరింది. ఆ రోజు నుంచి గెరార్డ్ ఆ మాట ఎత్తలేదు. తప్పిపోయిన పక్షి గురించి ఎక్కడి నుంచి ఫోను వచ్చినా అలోయ్జి ఇప్పుడు కాగితం, పెన్సిల్ తెచ్చుకుని చిరునామా రాసుకుంటాడు. దూరం ఎక్కువైతే పక్కూరి లారీ డ్రైవరుకు చెబుతాడు, దగ్గరైతే తనే వెళతాడు. కొర్నేలియా ఆదివారాలు ఫోను చేస్తుంది. భోజనం అయ్యాకే చెయ్యమని త్రూదా ఆమెకు ముందే చెప్పింది.

ఆ వేసవి చివర్లో భార్యాభర్తలిద్దరూ ఉస్త్కా వెళ్లారు. రైలు దిగిన కాసేపటికే త్రూదా చెప్పులు విడిచి నీళ్లలోకి నడిచింది. కొర్నేలియా తన కిటికీలోంచి బయటికి వచ్చి వాళ్లను పడవ ఎక్కించింది. సముద్రం మంచిదేనని, కానీ నీళ్ల పక్షులకు పద్ధతి లేదని, ఇల్లూ వాకిలీ లేకుండా తిరుగుతున్నాయని అలోయ్జి అన్నాడు. వారం ఉందామని వచ్చినవాడు నాలుగో రోజుకే పావురాల మీద బెంగ పెట్టుకున్నాడు. ఇంటి దగ్గర గూడు చూసుకునేది గెరార్డ్ మరి.

ఇంటికి వచ్చి నిచ్చెనెక్కి చూస్తే నీళ్లు నిండుగా ఉన్నాయి, నేల శుభ్రంగా ఊడ్చి ఉంది. పక్షులు మాత్రం గుండ్రంగా బలిసి, అరల్లోంచి కదలడానికి బద్ధకిస్తున్నాయి.

"వీటికేం పెట్టినవ్‌రా?" అని అలోయ్జి పక్క గూటి వైపు చూసి అడిగాడు.

పందెం పక్షుల్ని అలా మేపకూడదని తెలుసునని, కానీ నువ్వు లేకపోతే అవి బెంగగా చూస్తుంటే చెయ్యి ఆగలేదని గెరార్డ్ జవాబిచ్చాడు. అలోయ్జి తిడుతూనే కిందికి దిగి, సముద్రం నుంచి తెచ్చిన పొగబెట్టిన చేప పొట్లం గోడ మీంచి అతనికి అందించాడు.