టీవీ వెనక నా చెయ్యి

"మేడమ్, కేబుల్ హెచ్‌డీఎంఐ వన్‌లో ఉందా, టూలో ఉందా చూసి చెప్పండి" అని కస్టమర్ కేర్ అమ్మాయి హిందీలో అడుగుతున్నప్పుడు నేను గోడకీ టీవీకీ మధ్య చెయ్యి దూర్చి, చెంప గోడకి ఆనించి, వేళ్ళతో తడుముకుంటున్నాను. నర్సుగా ఇన్నేళ్ళలో ఎంత దొరకని నరాన్నయినా పట్టుకున్నాను. గుక్కపట్టి ఏడ్చే పసిపిల్లల చేతుల్లో సూది దించాను. ఈ దిక్కుమాలిన వైరు కొస మాత్రం ఏ కన్నంలో ఉందో నా వేళ్ళకి అంతుపట్టలేదు. తెలుసుకుని చెప్పేలోపు ఫోను కట్టయింది. మళ్ళీ చేస్తే హిందీకి ఒకటి నొక్కమంది, ఇంగ్లీషుకి రెండు నొక్కమంది, తర్వాత సంగీతం వినిపించింది. ఆ సంగీతం ఇప్పటికీ ఎక్కడైనా చెవిన పడితే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇదంతా మా అమ్మ కోసం. నాన్న పోయాక, ఊళ్ళో తమ్ముడున్నా, అమ్మని నర్సాపురం నుంచి ఢిల్లీ ద్వారకలోని మా ఫ్లాటుకి తెచ్చుకున్నాను. ఇక్కడే ఉండిపొమ్మని నా పట్టు. "చూద్దాంలే" అని ఆవిడ మాట. ఆ చూద్దాంలే ఎటు తిరుగుతుందో నాకు తెలియదు. నా డ్యూటీ ఒక వారం పొద్దున, ఒక వారం మధ్యాహ్నం. మా ఆయన గురుగ్రామ్ ఆఫీసు నుంచి ఇంటికి చేరేసరికి అమ్మ నిద్రపోయి ఉంటుంది. మా అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తిరగదు. "అన్నం తిన్నావా బంగారం" అని అమ్మ అడిగితే "ఖా లియా నానీ" అని తలుపేసుకుంటుంది. పక్క ఫ్లాటు ఆంటీ చాలా మంచావిడ, రోజూ నమస్తే పెడుతుంది. అమ్మా తిరిగి నమస్తే పెడుతుంది. అక్కడితో ఆ ఇద్దరి భాష అయిపోతుంది.

అందుకని ఆ ఇంట్లో అమ్మకి తోడు టీవీనే. పొద్దున బైబిల్ వాక్యం, క్రైస్తవ పాటలు. మధ్యాహ్నం సీరియళ్ళు. సాయంత్రం తెలుగు వార్తలు. సీరియల్లో అత్తని మెటికలు విరిచి తిట్టేది. వార్తల్లో వాన అంటే లేచి మా బాల్కనీలో బట్టలు చూసేది. నేను డ్యూటీలో ఉండగా ఇంట్లో ఆ గొంతులు వినిపిస్తున్నాయంటే నా మనసు కుదుటగా ఉండేది.

టీవీ చూస్తూ చేతులు ఊరికే పెట్టుకుని కూర్చోవడం మా వైపు ఆడవాళ్ళకి రాదు. ఎప్పుడో మిషన్ దొరసానులు నేర్పిపోయిన లేసు అల్లిక అమ్మమ్మ నుంచి అమ్మకి వచ్చింది, నా దగ్గరికొచ్చి ఆగిపోయింది. కొక్కెం సూదీ దారం ఉండ అమ్మ ఒళ్ళో లేని రోజు నేను చూడలేదు. వచ్చిన కొత్తలోనే ఫ్రిజ్‌కి ఒకటి, మిక్సీకి ఒకటి, నీళ్ళ ఫిల్టరుకి ఒకటి అల్లి తొడిగేసింది. మా ఇంట్లో ఏ వస్తువుకీ ఒంటి మీద గుడ్డ లేకుండా ఉండే భాగ్యం లేదు. చలి మొదలయ్యాక బుధవారం సంతలో ఊలు కొనిపించుకుంది. మనవరాలికి టోపీ, నాకు మేజోళ్ళు, మిగిలిన ముదురు ఎరుపు ఊలుతో టీవీ కింద ఉండే సెట్ టాప్ బాక్సుకి తొడుగు. దట్టంగా, రెండు పొరలుగా అల్లింది. ముందు లైటు కనపడేలా చిన్న సందు, వెనక వైర్లకి మరో సందు.

"పెట్టెకి కూడా చలేనా అమ్మా?" అన్నాను.

"చలి కాదే, దుమ్ము. మీ ఢిల్లీ దుమ్ము దాని ముక్కులోకి పోతే మాట పడిపోద్ది" అంది. నవ్వుకున్నాం.

తర్వాత కొన్నాళ్ళకి ఒక రోజు డ్యూటీలో ఉండగా అమ్మ ఫోను. టీవీలో బొమ్మ పోయిందట. నల్లటి తెర మీద ఏదో ఇంగ్లీషు ముక్క తిరుగుతోందట. ఇంటికొచ్చి చూస్తే నో సిగ్నల్. తొడుగు తీసి పక్కన పెట్టాను, ప్లగ్గు పీకాను, పెట్టాను. బొమ్మ వచ్చేసింది. ఓస్ ఇంతేనా అనుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం సీరియల్ సగంలో మళ్ళీ పోయింది.

అక్కడి నుంచి నాకు మొదలైంది. మా ఆయన ఫోనులో "ఆఫ్ చేసి ఆన్ చెయ్యి" అన్నారు. సాఫ్ట్‌వేర్ వాళ్ళ దగ్గర లోకంలోని సకల రోగాలకీ ఉన్నది ఆ ఒక్క మందే. చేశాను. బొమ్మ వచ్చింది. మర్నాడు పోయింది. కేబుల్ పాడై ఉంటుందన్నారు. డ్యూటీ నుంచి వస్తూ మెట్రో దిగి, మార్కెట్టులో బంగారు రంగు కొసలున్న కొత్త కేబుల్ కొన్నాను. బంగారానికీ బొమ్మకీ సంబంధం ఏమిటని అడిగితే కొట్టువాడు "హెచ్‌డీ హై మేడమ్" అన్నాడు, అదే జవాబన్నట్టు. తొడుగు తీశాను, కేబుల్ మార్చాను. సీరియల్లో అత్తగారి ముక్కుపుడక కూడా మెరిసింది. అమ్మ బైబిల్ పక్కన పెట్టుకుని హాయిగా కూర్చుంది. మర్నాడు మధ్యాహ్నానికి అత్తగారూ లేదు, ముక్కుపుడకా లేదు.

కోపం ఆపుకోలేక ఇక నేనే ఇంజనీరు అవతారం ఎత్తాను. యూట్యూబ్‌లో చూసి కేబుల్ ఒక కన్నంలోంచి ఇంకో కన్నంలోకి మార్చాను. రిమోట్‌లో సోర్స్ మార్చాను. సెట్టింగుల్లోకి వెళ్ళి బొమ్మ నాణ్యత తగ్గించాను, పెంచాను. తెర మీద నో సిగ్నల్ అంటే డాబా మీది డిష్ తప్పు కాదనీ, పెట్టె మాట టీవీకి చేరడం లేదని అర్థమనీ తెలుసుకున్నాను. తెలుసుకుని ఏం లాభం? చేసిన ప్రతి పనీ పనిచేసేది. అదే నన్ను పిచ్చిదాన్ని చేసింది. అస్సలు పని చెయ్యకపోతే విసిరికొట్టి ఊరుకుందును. రాత్రి వెలుగుతుంది, మర్నాడు ఆరిపోతుంది. నేనున్నంతసేపూ బుద్ధిగా ఉండి, నా వెనక అమ్మని ఏడిపించే ఆ పెట్టె మీద నాకు పగే పుట్టింది.

టెక్నీషియన్ వచ్చాడు. వాడొస్తున్నాడని ఫోను రాగానే అమ్మ అన్ని తొడుగులూ తీసి ఉతకడానికి వేసింది. బయటివాళ్ళు ఇంటికొస్తుంటే మాసిన లేసు కనపడకూడదు, అది మా వాళ్ళ పద్ధతి. వాడు సోఫాలో కూర్చుని టీ తాగాడు. టీవీ వెలుగుతూనే ఉంది. ఛానెళ్ళన్నీ తిప్పాడు. ఇంకో గంట ఉన్నా పోలేదు. "సబ్ ఠీక్ హై ఆంటీజీ" అని అమ్మతో అని, నా వంక ఒక చూపు చూశాడు. హాస్పిటల్లో ఏ రోగమూ లేకుండా అడ్మిట్ అవ్వడానికి వచ్చిన మనుషుల వంక మేం చూసే చూపు అది. నాకు తల తీసేసినట్టయింది. డాబా మీది డిష్ కూడా చూస్తానన్నాడు. డాబా తాళం సొసైటీ సెక్రటరీ దగ్గర, ఆయనేమో పెళ్ళికి మీరట్ వెళ్ళాడు. ఆ ముచ్చట అలా తీరింది.

ఆ సాయంత్రం ఉతికిన తొడుగులు ఆరాక అమ్మ ఎక్కడివక్కడ తొడిగింది. మర్నాడు టీవీ పోయింది.

ఆ రోజే అనుకుంటాను, అన్నం దగ్గర అమ్మ నెమ్మదిగా అంది. "నన్ను ఊరు పంపించెయ్యవే."

"టీవీ కోసమా?"

"ఏదో ఒకటి. పంపించెయ్యి."

కంచంలో సగం అన్నం వదిలేసింది. శాలువా కప్పుకుని గోడ వైపు తిరిగి పడుకుంది. ఒక్క వైరు సరిగ్గా లేనందుకు మా అమ్మ నన్ను వదిలి వెళ్ళిపోతోంది. మా ఆయన మరుసటి శనివారానికి టికెట్ తీశారు. ఈలోగా టీవీ బాగుచేస్తే ఆవిడే క్యాన్సిల్ చెయ్యమంటుందని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆ వారమంతా నేను మనిషిలా లేను. ఇంట్లో అడుగుపెట్టగానే చెప్పులు విడిచి తిన్నగా టీవీ వెనక్కి. పాత అలవాటు ప్రకారం అయితే ముందు అమ్మా నేనూ కూర్చుని టీ తాగేవాళ్ళం. పేషెంట్ల కబుర్లు చెప్పించుకునేది. ఇప్పుడు టీ చల్లారిపోయి తొరక కట్టేది. "వదిలెయ్యవే, ఏం చూస్తాంలే" అని ఆవిడ అంటే "నువ్వుండమ్మా" అని కసిరేదాన్ని. మంచం పక్క కిటికీ మూసి ఉంచమంది, శాలువా మీద దుప్పటి కూడా కప్పుకుంటోంది. ఢిల్లీ చలి అలవాటు లేదు కదా అనుకున్నాను. మాట తగ్గిపోయింది. టీవీ లేక దిగులు అనుకున్నాను. ఆ దిగులు చూసినకొద్దీ స్క్రూడ్రైవర్ ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

గురువారం పొద్దుటి డ్యూటీ చేసి మధ్యాహ్నానికి ఇంటికొచ్చాను. బయట మంచు ఇంకా విడలేదు. అమ్మ సోఫాలో దుప్పటి ముసుగేసుకుని నల్లటి తెర ఎదురుగా కూర్చుని ఉంది. తెర మీద ఆ ముక్క ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ తిరుగుతోంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇవాళ దీన్ని పీకి కింద చెత్తడబ్బాలో పడేస్తానని, తొడుగు తియ్యకుండానే పెట్టెని రెండు చేతులా పట్టుకున్నాను.

ఊలు కాలుతోంది.

సందులోంచి లోపలికి చెయ్యి పెట్టాను. పెట్టె మీద అరచెయ్యి ఆన్చి ఉంచలేకపోయాను. అన్నాళ్ళూ నేను దాని దగ్గరికి వెళ్ళగానే మొదట చేసే పని తొడుగు తీసి పక్కన పెట్టడం. వైరు మార్చి, మీటలు నొక్కి, ఫోను చేసేలోపు అది చల్లబడేది. అమ్మ ఎంతో శ్రద్ధగా మళ్ళీ తొడిగేది, ఆ పెట్టె పొద్దుటి నుంచి నడిచి నడిచి మధ్యాహ్నానికి సొమ్మసిల్లేది. తొడుగు లాగేసి, అట్టముక్కతో విసిరాను. కాసేపటికి ప్లగ్గు పెడితే బొమ్మ వచ్చింది, గొంతు వచ్చింది.

"అమ్మా, దొరికింది" అన్నాను. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "నీ స్వెట్టరే. దానికి ఒళ్ళు కాలిపోతోంది. చెయ్యి పెట్టి చూస్తే గానీ తెలియలేదు. ఇంక పోదు. టికెట్టు క్యాన్సిల్ చేయించేస్తాను."

అమ్మ తెర వైపు చూడలేదు. ఎర్ర తొడుగు ఒళ్ళోకి తీసుకుని, ముడి వెతికి, ఊలు విప్పడం మొదలుపెట్టింది.

"టీవీ కోసం ఎవరన్నా కూతుర్ని వదిలేసి పోతారటే?" అంది. "నువ్వు డ్యూటీ నుంచి వచ్చి దీంతోనే చస్తున్నావు. దాని మీద నా పని కూడానా అనిపించింది. ఊరెళ్తే నీ తమ్ముడు చూపిస్తాడులే అనుకున్నాను."

"ఏం చూపిస్తాడు?"

అమ్మ ఊలు పక్కన పెట్టింది. నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టుకోవడంలోనే నాకు తెలిసిపోయింది.

"ఆ చెయ్యి ఇలా నా నుదుటి మీద కూడా ఒకసారి పెట్టు. ఆదివారం నించీ ఇలాగే ఉంది."

పెట్టాను. కాలుతోంది.

ఇన్నేళ్ళుగా వార్డులోకి అడుగుపెడితే నా చెయ్యి తనంతట తనే ముందు పేషెంటు నుదుటి మీదికి పోతుంది. ఇంట్లో ఆ వారమంతా అది టీవీ వెనకే ఉంది. వెనక సీరియల్ అత్తగారు ఎవరినో గట్టిగా కేకలేస్తోంది. రిమోట్ దొరక్క ప్లగ్గే పీకేశాను. థర్మామీటర్ కోసం సొరుగు లాగితే రెండు పాత కేబుళ్ళు, కొత్త కేబుల్ ఖాళీ డబ్బా, స్క్రూడ్రైవర్లు బయటికొచ్చాయి. థర్మామీటర్ ఎక్కడ పెట్టానో ఎంతకీ గుర్తు రాలేదు.