బంద్ రోజుల తారురోడ్డు

పొద్దున జనగామ మైదానంలో నడుస్తుంటే, ఆడపిల్లలకు పరుగు నేర్పుతున్న కోచ్ ఒకమ్మాయిని ఆపాడు. "అంత దూరం అంగ వెయ్యకు బిడ్డా, మడిమె నేలకు కొట్టుకుంటది. చిన్నగ, మెత్తగ అడుగెయ్యి" అన్నాడు. పోయి బల్ల మీద కూలబడ్డాను.

మా ఆడబిడ్డ అచ్చం అట్లాగే ఉరికేది. తొర్రూరు దగ్గర మా ఊళ్లో, చెలకల గట్ల మీద, చిన్న చిన్న అడుగులతో పోతుంటే చప్పుడే ఉండేది కాదు. తెలంగాణ ఉద్యమం రోజులవి. పోలీసు కొలువుకని పరుగు పరీక్షకు తయారవుతోంది. నేనేమో బళ్లో పరుగుపందెం గెలిచి స్టీలు గిన్నె తెచ్చుకున్న మహానుభావురాలిని. ఆ గిన్నె ధీమాతో గురువునైపోయాను. "గవేం అడుగులే, కోడిపిల్ల లెక్క! అంగలు సాపి ఉరుకు, మడిమె ముందల పడాలె" అని రోజూ పోరు పెట్టి, ఆ పిల్ల నడకే మార్చేశాను.

అది చాలదన్నట్టు బంద్‌లు. బస్సుల్లేవు, లారీల్లేవు, తారురోడ్డంతా మాదే. కూడలిలో జనం వంటావార్పు పెట్టి రోడ్డు మీదే అన్నం వండుతుంటే, అవతల ఆమె ఉరికేది. వెనకాల నేను సైకిల్ మీద, "ఇంకా సాపు!" అని అరుస్తూ. తెలంగాణ ఎప్పుడొస్తుందో గానీ రోడ్డయితే వచ్చిందని నవ్వుకునేవాళ్లం.

కొన్నాళ్లకు "వదినా, కాలెముక గుంజుతుంది" అంది. "గింతదానికే పరేషానైతె పోలీసువేమైతవ్? జర ఓర్సుకో" అన్నాను. ఓర్చుకుంది. నా మాటంటే ఆమెకు అంత గురి, పాడు గురి. పరీక్ష ఇంకో వారం ఉందనగా రోడ్డు మధ్యలో కూర్చుండిపోయింది, మళ్లీ లేవలేదు. దవాఖానలో డాక్టర్ ఎక్స్‌రే చూసి, ఎముకకు సన్నగా పగులొచ్చిందన్నాడు. ఎక్కడ, ఎట్లా ఉరికేదో ఆమెను అడిగి తెలుసుకున్నాడు. "తారు మీద గిట్ల మడిమెలు కొట్టుకుంట ఉరుకుమని ఎవరు నేర్పిన్రమ్మా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే, "నాకే అలవాటు సార్" అనేసింది. తెరిచిన నోరు మూసుకున్నాను, సిగ్గులేనిదాన్ని.

పరీక్ష రోజు ఆమె కాలికి కట్టుతో మంచంలో ఉంది. తర్వాత ఎముక అతికింది, రాష్ట్రమూ వచ్చింది. మళ్లీ కొలువులు పడేసరికి ఆమెకు వయసు దాటిపోయింది. ఇప్పుడు దంతాలపల్లిలో జాకెట్లు కుడుతోంది.

మైదానం నుంచే ఫోన్ చేశాను. "నీ అడుగే సరైనదట. చెడగొట్టింది నేనే" అన్నాను.

"నాకు గప్పుడే ఎరుక వదినా" అంది. "నువ్వంత సంబురంగ నేర్పుతుంటివి, ఎట్ల చెప్పాలె?"

ఆ తప్పు డాక్టర్ చెప్పాకే మా ఇద్దరికీ తెలిసిందనుకుని, ఇన్నేళ్లూ ఆ మాట ఎత్తకుండా దాచుకున్నాను. నాకంటే ముందునుంచీ దాన్ని ఆమె మోస్తోంది.