లేచినంక పిలుస్తనన్నది

మా ఆడబిడ్డ పోయింది. ఆ కబురు నాకు ఫోన్‌లో చెప్పినవాడు, ఆమె కిరాయికి ఉండే ఇంటి కింద వెల్డింగ్ దుకాణం నడిపే భాయి. "టీచరమ్మా, మేడమ్ తలుపు తీస్తలేదు. చాయ్ పట్కొని పోయిన, ఎంత కొట్టినా పలుకుతలేదు. మీరు జెర జల్ది రాండ్రి" అన్నాడు. నేను వెళ్ళేసరికి తన మిషన్‌తో లోపలి గడియ కోసి, తలుపు తోసి, లోపల అడుగు పెట్టకుండా తల వంచుకొని నిలబడ్డాడు. ఆమె మంచం మీద ఒక పక్కకు తిరిగి పడుకొని ఉన్నది. కళ్ళజోడు తీసి, మడిచి, దిండు పక్కన పెట్టుకొని మరీ పడుకున్నది. మళ్ళీ లేస్తామనుకున్నవాళ్ళు చేసే పని అది.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా తగ్గలేదు. తగ్గాలని నేను కోరుకోవడమూ లేదు. చదివేవాళ్ళు ఆ సంగతి ముందే తెలుసుకొని చదవండి.

ఆమె నా భర్తకు చెల్లెలు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరైంది. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఆమె పెళ్ళి చేసుకోలేదు. సిద్దిపేటలోనే, మా ఇంటికి రెండు గల్లీల అవతల పై అంతస్తులో ఒక్కతే ఉండేది.

సంతాప సభ పెట్టారు. వేదిక మీద ఒకరు ఆమె మహా ఓపికమంతురాలన్నారు. తప్పు. ఆమెకు బస్సు కోసం నిలబడే ఓపిక కూడా లేదు. బస్సు ఆపని డ్రైవర్‌ను పేరు తెలియకపోయినా తిట్టేది. ఇంకొకరు ఆమె యంత్రాలతో ప్రేమగా మాట్లాడేదన్నారు. అదీ తప్పే. "నీ మొకం మండ, నిన్నటిదాక మంచిగనే ఉంటివి గద" అనడం నేను నా చెవులతో విన్నాను. మూడో ఆయన, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా నిద్రలో హాయిగా వెళ్ళిపోయింది, పుణ్యాత్మురాలు అన్నాడు. అక్కడ నేను కుర్చీలో నుంచి లేచాను. మా కోడలు కొంగు పట్టి కూర్చోబెట్టింది. రెండోసారి లేచినప్పుడు మాత్రం ఆమె నన్ను ఆపలేకపోయింది. ఆ సంగతి చెప్పాలంటే ముందు చేర్యాల సంగతి చెప్పాలి.

చేర్యాల దారిలో ఒక ఆడపిల్లల హాస్టల్ ఉన్నది. ఏదో ఆఫీసువాళ్ళు వాడి వదిలేసిన ల్యాప్‌టాప్‌లు ఆ పిల్లలకు చేరాయి. అన్నీ ఒకే రకం. అవి తెరిస్తే పెనంలా కాలేవి, పాఠం సగంలో ఉండగానే బ్యాటరీ అయిపోయేది. మా ఆడబిడ్డ వాటి మీద పంతం పట్టింది. పరీక్షకని ఒకదాన్ని తన ఇంటికి తెచ్చి పెట్టుకొని, అన్నిటికీ లైనక్స్ అనే ఉచిత వ్యవస్థను ఎక్కించింది. దానికి కెర్నెల్ అని ఒకటి ఉంటుంది. యంత్రంలో అన్నిటికంటే ముందు లేచి, ఎవరు ఏ పని చేయాలో, ఎవరికి ఎంత కరెంటు ఇవ్వాలో చెప్పే ఇంటి పెద్ద అది. ఆ పెద్దకు ఏమేం తెలిసి ఉండాలో మనమే నిర్ణయించి తయారు చేసుకోవచ్చు. తయారీకి ముందు అది ఒక్కొక్క ప్రశ్న అడుగుతుంది. ప్రతిదానికీ వై అనో, ఎమ్ అనో, ఎన్ అనో జవాబు కొట్టాలి.

ఆమెకు కళ్ళల్లో శుక్లాలు. ఆపరేషన్ చేయించుకోవే అంటే, "పిల్లల పరీక్షలు కానియ్ వదినె" అని దాటేసేది. తెర మీద చిన్న అక్షరాలు కనపడవు. అందుకని చదివేది నేను, చెప్పేది ఆమె, కొట్టేది మళ్ళీ నేను. కారణం చెప్పనిదే నేను ఏ మీటా నొక్కను. మా ఇద్దరి మధ్య జగడమంతా అక్కడే.

"ఫ్లాపీ అట. ఉండాల్నా?"

"ఎన్ కొట్టు."

"ఎందుకు వద్దు?"

"దానికి ఫ్లాపీ పెట్టే జాగనే లేదు గద వదినె. లేని బర్రెకు గడ్డెందుకు?"

"పని లేనప్పుడు ప్రాసెసర్ వేగం తగ్గించేదట."

"వై. లోపల్నే ఉండాలె. పని లేకున్నా ఉరుకుడెందుకు, నీ లెక్క?"

వై అంటే కెర్నెల్ కడుపులోనే ఉండేది. ఎమ్ అంటే పక్కన ఉండి పిలిస్తే వచ్చేది, పొమ్మంటే పోయేది. ఎన్ అంటే అసలే వద్దు. "లోపల ఉండేది, పిలిస్తే వచ్చేది, వద్దే వద్దు. గీ మూడు తెలిస్తే సంసారం గూడ నడుస్తది" అన్నదొకసారి.

"నువ్వు సంసారం చేసి చెప్పు" అన్నాను.

"చెయ్యలే గాబట్టే తెలిసింది" అన్నది.

తప్పులూ చేసింది. ఒకరోజు తొందరలో, డిస్కును చదివే ప్రోగ్రాముకు, అంటే దాని డ్రైవర్‌కు, ఎమ్ చెప్పింది. అంటే పిలిస్తే వచ్చేదన్నమాట. కానీ ఆ డ్రైవర్ ఉన్నది ఆ డిస్కులోనే. డిస్కు తెరవాలంటే డ్రైవర్ కావాలి, డ్రైవర్ రావాలంటే డిస్కు తెరవాలి. యంత్రం నల్లటి తెర మీద నాలుగు ముక్కలు అరిచి ఆగిపోయింది. "ఏమే పంతులమ్మా, బీరువ తాళంచెవి బీరువల్నే పెట్టి తాళమేసినవ్" అన్నాను. కొంగుతో కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది. "గీ ముక్క అప్పుడే చెప్తె నా క్లాసుల పిల్లలు ఎన్నడు మర్వకపోదురు" అన్నది. ఆ తప్పు యంత్రాల్లో మళ్ళీ చేయలేదు. తన ఇంట్లో చేసింది. గడియ లోపల, ఆమె లోపల, మేమంతా బయట.

అన్నీ కుదిరాక ఒక్క రోగం మిగిలింది. మూత మూస్తే యంత్రం నిద్రపోయేది, తెరిస్తే లేచేది కాదు. తెర నల్లగా ఉండిపోయేది. మీట గట్టిగా నొక్కి పట్టి చంపి లేపాలి. పిల్లలు రాసుకున్నదంతా పోయేది. భయపడి వాళ్ళు మూతలు మూయడమే మానేశారు. అన్నానికి పోయి వచ్చేలోపు బ్యాటరీ ఖాళీ. హాస్టల్ కమిటీ పెద్దమనిషి ఆమె ముఖం మీదనే అన్నాడు: "మేడమ్, లేవని యంత్రాలు మనకెందుకు? బాగైతే సరే, లేకపోతే పాత సామానుకిచ్చి జాగ ఖాళీ చేద్దాం."

"నిద్ర అనేదానికే ఎన్ కొట్టరాదే, పీడ పోతది" అన్నాను నేను. నా మీద ఇంతెత్తున లేచింది.

"గాడ కరెంటు ఎప్పుడు పోతదో ఎవరికి తెల్సు? నిద్ర లేకపోతే బ్యాటరీ ఎన్ని రోజులుంటది? నిద్ర మాన్పిచ్చుడు వైద్యం కాదు వదినె."

ఈ మాట అన్న మనిషి తాను ఎంత నిద్రపోయేదో నన్నడగండి.

యంత్రం నిద్రపోయే పద్ధతి ఆమె చెప్పిన తీరు నాకు బాగా గుర్తు. ముందు నడుస్తున్న పనులను ఎక్కడివక్కడ ఆపుతుంది. తర్వాత తెర, డిస్కు, మిగతా సామాను ఒక్కొక్కటిగా నిద్రపుచ్చుతుంది. ఆఖరున ప్రాసెసర్ పడుకుంటుంది. లేచేటప్పుడు మొదట లేచేది అదే. "ఇంట్ల ఆడది అందరికన్న ఎన్క పండుకొని అందరికన్న ముందు లేస్తది సూడు, గట్ల." ఈ వరుసలో ఒక్కొక్క మెట్టు దాకా పోయి వెనక్కి రమ్మని కెర్నెల్‌కు చెప్పి చూసింది. చివరికి దొంగ దొరికింది. వైఫై. అది సరిగ్గా పడుకోదు, లేవమన్నప్పుడు లేవదు, దాని వెనక ఉన్నవాళ్ళను లేవనివ్వదు. మేము దాన్ని వై అని కెర్నెల్ కడుపులో పెట్టాం కాబట్టి బయటికి పంపే దారి లేదు.

"ఎమ్ చేద్దాం. పండుకునేముందు బయటికి పంపియ్యాలె, లేచినంక పిలువాలె. గంతే" అన్నది. అని, నన్ను చూసి నవ్వింది. "ఇది నీ లెక్కనే వదినె. నువ్వు ఇంట్ల ఉంటె నాకు గూడ నిద్ర పట్టది."

"అంటే నేను పిలిస్తే వచ్చేదాన్నా?"

"పిలువకున్నా వస్తవ్. అదే నీ రోగం."

ఆమెను నేను చివరిసారి చూసిన మధ్యాహ్నం అది. వైఫై ప్రశ్న వచ్చింది, నేను చదివాను, ఆమె ఎమ్ అన్నది, నేను కొట్టాను. కొత్త కెర్నెల్ తయారవడం మొదలైంది. తెర మీద వరుసలు పరుగెత్తుతున్నాయి, ల్యాప్‌టాప్ ఫ్యాన్ గోల పెడుతున్నది. కూలర్ తిరుగుతుండగానే ఆమె నుదుటి మీద చెమట పట్టింది. ఎడమ భుజం రుద్దుకుంటున్నది.

"దవాఖానకు పోదాం నడువు. ఆటో పిలుస్త."

"గ్యాస్ వదినె. పొద్దుగాల మిర్చిలు తిన్న."

"మిర్చి తింటె భుజం గుంజుతదా?"

"నువ్వు లెక్కల టీచర్‌వి, డాక్టర్‌వి గాదు. ఇంటికి పో. ఇది తయారయ్యేదాక ఒక కునుకు తీస్త. లేచినంక పిలుస్త, అప్పుడు పోదాం."

నేను కదలలేదు. భుజం పట్టి గుమ్మం దాకా నెట్టింది. "పో వదినె, నిన్ను పంపియ్యకుంటె నిద్ర రాదంటే ఇనవేంది!" నవ్వుతూనే అన్నది. మెట్లు దిగుతుంటే వెనక గడియ పడిన చప్పుడు విన్నాను.

నువ్వు ఎందుకు వెళ్ళావు అని నన్నడిగినవాళ్ళున్నారు. ఆ తప్పు నా ఖాతాలో వేయకండి, నేను ఒప్పుకోను. లేచినంక పిలుస్త అన్నది ఆమె. మాట ఇచ్చినవాళ్ళదే బాధ్యత. పైగా ఆమె వెంటనే పడుకోనేలేదు. అది నాకెలా తెలుసంటే, నేను వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ తెరిచి ఉన్నది, పని నడుస్తున్నది. తలుపు కోసి లోపలికి పోయినప్పుడు మూత మూసి ఉన్నది, అంచున చిన్న దీపం మెల్లగా వెలుగుతూ ఆరుతూ ఉన్నది. అది నిద్రలో ఉన్నదని గుర్తు. అంటే ఆ నొప్పితోనే కూర్చున్నది. తయారైన కెర్నెల్‌ను కనపడని కళ్ళతో ఎక్కించింది, యంత్రాన్ని కొత్తగా లేపింది, మూత మూసి నిద్రపుచ్చింది, ఆ తర్వాత కళ్ళజోడు మడిచింది. అంతసేపూ ఫోన్ బల్ల మీదనే ఉన్నది. నన్ను పిలవలేదు. యంత్రాన్ని నిద్రపుచ్చడానికి సమయం దొరికిందామెకు, నన్ను పిలవడానికి దొరకలేదు.

దినాలు జరిగినన్ని రోజులూ ఆ ల్యాప్‌టాప్ అక్కడే, వైరుకు తగిలించే ఉన్నది. ఇల్లు కడగడానికి వచ్చిన చుట్టం ఒకామె, "అక్కా, గీ ప్లగ్గు తియ్యాల్నా?" అన్నది. "తీస్తే చెయ్యి ఇరుగుతది" అన్నాను. ఆమె చీపురు పట్టుకొని అటు నుంచి అటే పోయింది. భాయి మాత్రం పొద్దున్నే పైకి వచ్చి చూసి, "దీపం ఇంక కొట్టుకుంటనే ఉన్నది టీచరమ్మా" అని చెప్పి పోయేవాడు. మూత తెరవమని అందరూ అన్నారు, నేను తెరవలేదు. లేస్తుందో లేవదో చూడవలసినవాళ్ళు వేరే ఉన్నారు.

సంతాప సభలో ఆ హాస్టల్ కమిటీ పెద్దమనిషే చివరగా మాట్లాడాడు. హాస్టల్‌కు కొత్త కంప్యూటర్లు వస్తాయట, ఎప్పుడో తెలియదు. ఆ గదికి ఆమె పేరు పెడతారట. పాతవి సోమవారమే పాత సామానుకు పోతాయట. రెండోసారి నేను లేచింది అప్పుడే.

"ఆమె పేరు గోడకు పెట్టి, ఆమె పని చెత్తల వేస్తరా?"

"టీచరమ్మా, మీరు బాధల ఉన్నరు. తర్వాత మాట్లాడుకుందాం."

"బాధల లేను. కోపంల ఉన్న. సోమవారం నేను వచ్చేదాక ఒక్కటి గూడ గడప దాటొద్దు."

సోమవారం చేర్యాల బస్సెక్కాను. ల్యాప్‌టాప్ ఉన్న సంచి ఒళ్ళో పెట్టుకున్నాను. "అమ్మా, సంచి కింద పెట్టండ్రి, సీటు ఇర్కటమైతది" అన్నాడు కండక్టర్. "నిద్రపోతున్నది, కదిలియ్యకు" అన్నాను. అతను సంచిలోకి తొంగి చూసి, నా ముఖం చూసి, టికెట్ కొట్టి ముందుకు పోయాడు.

హాస్టల్ గదిలో పెద్దమనిషి, వార్డెన్, పిల్లలు అందరూ ఉన్నారు. బల్ల మీద పెట్టి మూత తెరిచాను. తెర నల్లగా ఉన్నది. అలాగే ఉన్నది. ఆయన గొంతు సవరించుకొని, "సూసిన్రా టీచరమ్మా, మేడమ్ గూడ..." అన్నాడు. ఆ మాట పూర్తి కాలేదు. తెర వెలిగింది. ఆమె కళ్ళ కోసం నేను పెద్దవి చేసి పెట్టిన అక్షరాలు అలాగే ఉన్నాయి. పై మూలలో వైఫై గుర్తు మాత్రం లేదు. నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను. కొంచెం ఆగి అది కూడా వచ్చింది.

"వైఫై వచ్చింది మేడమ్!" అన్నదొక పిల్ల.

"వస్తది. పిలిస్తే వస్తది" అన్నాను.

"మరి మిగిలినవి?" అన్నాడు పెద్దమనిషి.

"అన్నిట్లకు ఇదే ఎక్కిస్త. ఆమె చెప్పంగ కొట్టింది నేనే. మీరు పాత సామాను ఆయనకు రావొద్దని ఫోన్ చెయ్యిండ్రి. నా ముంగట్నే."

చేశాడు. నేను థాంక్స్ చెప్పలేదు. కుర్చీ లాక్కొని ఒక్కొక్క యంత్రానికీ ఎక్కిస్తూ కూర్చున్నాను. ప్రతిదానిలో మూత మూసి, తెరిచి, వైఫై తిరిగి వచ్చేదాకా చూసి గాని పక్కదానికి పోలేదు. ప్రతిసారీ వచ్చింది. ప్రతిసారీ నాకు కోపమే వచ్చింది. లేచినంక పిలవాలని ఇన్ని యంత్రాలకు నేర్పిందే, ఆ ఒక్క మాట తాను నిలబెట్టుకుంటే ఏం పోయింది?

అన్నం గంట కొట్టారు. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకొని, భయం భయంగా మూతలు మూశారు. తర్వాత పళ్ళాలు తీసుకొని ఉరికారు. నన్నూ రమ్మన్నారు, వస్తాను పొమ్మన్నాను. గదిలో ల్యాప్‌టాప్ ఫ్యాన్ల చప్పుడు ఆగిపోయింది. బల్లల వెంట మూతల అంచున చిన్న దీపాలు ఒకటి వెలుగుతుంటే ఇంకొకటి ఆరుతూ, ఏ రెండూ ఒక్క తాళంలో లేకుండా, మెల్లగా ఊపిరి తీస్తున్నాయి. గదిలో మెలకువగా ఉన్నది నేనొక్కదాన్నే.