బుగ్గ మీద చెయ్యి పెట్టుకున్న ఇద్దరు

మొన్న ఆదివారం పొద్దున వంటింట్లోకి పోయేసరికి, తొమ్మిదో తరగతి చదివే మా మనవరాలు ఫోనును పప్పుల డబ్బాకు ఆనించుకుని, అందులోని అమ్మాయి చెప్పినట్టే వంటసోడాలో నిమ్మకాయ పిండుతూ ఉంది. మొటిమలు పోవడానికట. "మూడు రోజుల్లో మొఖం నున్నగా అయిపోతాదంట అవ్వా, లక్షలమంది చూసినారు" అంది. గిన్నె లాక్కుని పారబోసేదాన్నే గానీ, ఎందుకో నా చెయ్యి ముందుగా నా కుడి బుగ్గ మీదికి పోయింది.

దుత్తలూరు పక్క పల్లె నుంచి వచ్చి ఆత్మకూరు హాస్టల్లో ఉండి పదో తరగతి చదివే రోజుల్లో మాకు ఫోన్లు లేకపోయినా చిట్కాలకు కొదవ ఉండేది కాదు. నా పక్క చాప మీద పడుకునే నేస్తం వాళ్ల నాయనకు అనుమసముద్రంపేట దర్గా దగ్గర అంగడి ఉండేది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన జనం అక్కడ కూర్చుని జుట్టుకూ పంటికీ కడుపునొప్పికీ ఏమేం వాడారో చెప్పుకుంటుంటే, ఆదివారం ఇంటికి పోయినప్పుడు అది చెవులప్పగించి విని సోమవారానికల్లా మాకు మోసుకొచ్చేది. పంతులమ్మ మాట కంటే దాని మాట మీదే మాకు గురి.

ఆ ఏడు పరీక్షల ముందు గ్రూపు ఫోటో తీస్తామన్నారు. అంతవరకూ నేను ఫోటో దిగి ఎరగను. పటం కట్టించి గోడకు పెడతానని మా నాయన ఎవరి చేతనో జాబు కూడా రాయించాడు. సరిగ్గా అప్పుడే కుడి బుగ్గ మీద మూడు మొటిమలు లేచాయి. మా నేస్తం హాస్టల్లో వంట చేసే ఆమె వక్కాకు సంచిలోంచి సున్నం తెచ్చి, "గంటసేపు ఉంచుకోమే, రాలిపోతాయి" అంటూ తనే పూసింది. ఎవరో కాలి మీది సెగ్గడ్డకు చెప్పిన మందును అది నా మొఖానికి తెచ్చిందని తర్వాత తెలిసింది. భగభగ మండుతున్నా పళ్లు బిగబట్టి గంటా ఓర్చుకున్నాను. కడిగి చూసుకుంటే మొటిమలు ఎక్కడివక్కడే ఉన్నాయి, చుట్టూ తోలు మాత్రం ఊడిపోయింది.

నాకంటే అదే ఎక్కువ ఏడ్చింది. నాలుగు రోజులు నా పక్క నుంచి కదలకుండా కొబ్బరినూనె రాసింది. ఫోటో రోజు నేను రానని మొండికేస్తే చెయ్యి పట్టుకుని లాక్కుపోయి, "బుగ్గ మీద చెయ్యి పెట్టుకో, నేనూ పెట్టుకుంటా. ఇద్దరం పెట్టుకుంటే ఎవురూ అడగరు" అంది.

ఆ పటాన్ని ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకూ చూపించి, మా పాప, దాని నేస్తం బాగా ఆలోచించే పిల్లలని మా నాయన మురిసిపోయేవాడు. మేమూ కాదనలేదు.

మొన్న ఆ పటమే దించి మనవరాలి చేతిలో పెట్టి ఇదంతా చెప్పాను. పడీపడీ నవ్వి, సోడా గిన్నె తనే కడిగేసింది. ఇప్పటి పిల్లలకు చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు, వాళ్లలో మంచి చెప్పేవాళ్లూ ఉంటారు. కానీ ఆ ఫోనులోని అమ్మాయికి మా పిల్ల పేరైనా తెలియదు కదా అని మనసుకు కష్టంగా ఉంటుంది. మా నేస్తం ఇప్పటికీ ఆ దర్గా ఉన్న పేటలోనే ఉంది. నా మచ్చ మాసిపోయి యాభై ఏళ్లు దాటినా, ఫోను చేస్తే అది మొదట అడిగేది ఒకటే, "బుగ్గ ఎట్టుండాదే?"