అనుమానపు మనిషికి వచ్చిన పాస్‌పోర్టు

ప్రభువునందు నాకు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఈ పత్రికలో నెలనెలా మీ సాక్ష్యాలు చదువుతూనే ఉన్నాను, ఒకరికి క్షయ తగ్గిందని, ఒకరు సారాయి మానేశారని, ఒకరికి చచ్చుబడిన కాలు కదిలిందని చదివి దేవుణ్ణి స్తుతించాను, కానీ నా రోగం పేరు చెప్పడానికి సిగ్గుపడి ఇన్నాళ్లూ కలం పట్టలేదు. నా రోగం అనుమానం. దానికి ఏ ఆసుపత్రిలోనూ మందు లేదు.

నా పేరు సుగుణమ్మ. ఉదయగిరిలో ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ చెబుతాను, నాకు నలభై ఆరేళ్లు, మా ఆయన పోయి తొమ్మిదేళ్లయింది, పిల్లలు లేరు. ఆయన పోయిన నాటి నుంచి ఒంటరి ఆడదాన్ని అందరూ మోసం చేస్తారనే భయం నాలో దూరి, అది ముదిరి, మనిషినే తినేసింది. పాలామె నవ్వితే నీళ్లు కలిపిందనుకునేదాన్ని, నవ్వకపోతే ఎక్కువ కలిపిందనుకునేదాన్ని. ఊరగాయ జాడీకి బొగ్గుతో గీత పెట్టేదాన్ని. పాస్టరుగారు ప్రసంగంలో అసూయ గురించి మాట్లాడితే నన్నే అంటున్నాడని, మాట్లాడకపోతే నా గురించి ఏదో తెలిసి దాస్తున్నాడని అనుకునేదాన్ని. అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరికే అనలేదు, సహోదరులారా!

అట్లాంటి రోజుల్లో ఒక డిసెంబరు మధ్యాహ్నం ఒక తెల్లజాతి ఆమె మా దుర్గం చూడడానికి వచ్చి, కొండ దిగి, దాహమై మా ఇంటి అరుగు మీద కూర్చుంది. తల నెరిసింది, వీపుకు పెద్ద సంచి, వెంట ఎవరూ లేరు. నాకొచ్చిన ఇంగ్లీషులో అడిగితే తనకు యాభై రెండేళ్లనీ, భర్త లేడనీ, ఆరు నెలలుగా దేశం తర్వాత దేశం ఒక్కతే తిరుగుతున్నాననీ చెప్పింది. ఆమె వెళ్లగానే నేను చేసిన మొదటి పని గ్లాసులు లెక్కపెట్టుకోవడం, గూఢచారేమోనని కూడా అనుకున్నాను. అయితే గ్లాసులు సరిపోయినా నా మనసు సరిపోలేదు. ఇరవై రెండేళ్లుగా పటం మీద బెత్తం పెట్టి ఇదిగో మలయా ద్వీపకల్పం, ఇదిగో జావా అని చెబుతున్నాను, మైపాడు దగ్గర తప్ప సముద్రం చూసి ఎరగను. దేవుడు చేసిన ఈ లోకాన్ని నా కళ్లతో చూడాలని, ఎవరికీ జవాబు చెప్పకుండా నడవాలని, సంచి వీపుకు తగిలించుకుని ఒక్కదాన్నే పోవాలని కోరిక పుట్టింది, అది ఇక నన్ను వదల్లేదు.

థాయిలాండు, మలేషియా, ఇండోనేషియా, నాలుగు నెలలు. దాచుకున్న జీతం ఉంది, స్కూల్లో జీతం లేని సెలవుకు అర్జీ పెట్టాను. నెల్లూరులో పెద్ద సంచి కొని, దాని నిండా పాత పాఠ్యపుస్తకాలు కుక్కి, ప్రతి శనివారం పొద్దున్నే దుర్గం మెట్లు ఎక్కి దిగడం మొదలుపెట్టాను, బరువు అలవాటు కావాలి గదా. ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు. చెబితే నవ్వుతారు, లేకపోతే అడ్డుపడతారు, నా లెక్కలో మనుషులకు ఈ రెండు పనులే తెలుసు.

ఊరికి మాత్రం కళ్లు లేవా? టీచరమ్మ ఖాళీ కొండకు సంచి మోసుకుపోతోంది, మళ్లీ బరువుగానే దించుకొస్తోంది అంటే దానికి ఉదయగిరిలో ఒకటే అర్థం, కోటలో నిధి తవ్వుతోందని. ఒక పెద్దరైతు, నాన్నకు తెలిసినవాడు, దారిలో ఆపి ఏమైనా తగిలిందా టీచరమ్మా అని మెల్లగా అడిగాడు. నాకు షుగరు, డాక్టరు నడవమన్నాడని అబద్ధం చెప్పాను. ఆ అబద్ధం ఎంత బాగా పాకిందంటే మరుసటి క్రిస్మసుకు ఒక్క ఇంటి నుంచి కూడా నాకు అరిసె రాలేదు. కాకరకాయలు మాత్రం బోలెడు వచ్చాయి.

ఇక పాస్‌పోర్టు. ఉదయగిరి అడ్రసు ఇస్తే పోస్టుమాన్ ద్వారా ఊరంతా తెలుస్తుందని, తెలివితేటలు ఎక్కువై, ఆత్మకూరులో ఉన్న మా చెల్లెలు రూతమ్మ ఇంటి అడ్రసు ఇచ్చాను. రూతమ్మ భర్త దావీదు బస్సు డిపోలో మెకానిక్, వాళ్లతోపాటే అతని తల్లి మరియమ్మ అవ్వ ఉంటుంది, ఎనభై దాటిన మనిషి, అక్కడి సంఘంలో ఆమె ప్రార్థనకు మోకాళ్లూనని రోజు లేదు. నేను పోయి, నా పేరున ఒక కాగితం వస్తుంది, విప్పవద్దు, నా సంగతి ఎవరికీ చెప్పవద్దు అని మాత్రం అన్నాను. అవ్వ మంచం మీద కూర్చుని వింటోంది. రూతమ్మ నా ముఖంలోకి చూసి, “ఏందక్కా, నాకు కూడా చెప్పవా?” అని అడిగింది. నేను మాట తప్పించి బస్సెక్కాను.

సెలవు మంజూరైంది. బయలుదేరడానికి రెండు నెలలుందనగా రూతమ్మ విప్పకుండా పంపిన కాగితం వచ్చింది, సహోదరులారా, ఆ కాగితంలో ఏముందంటే, పోలీసు విచారణలో సదరు వ్యక్తి ఆ చిరునామాలో లేదని తేలినందున దరఖాస్తు తిరస్కరించడమైనది అని! మోకాళ్లు అప్పటికే పట్టేస్తున్నాయి, మరో రెండేళ్లాగితే సంచి మోయలేనని నాకు తెలుసు. సెలవు రద్దు చేయించుకుని మళ్లీ అదే పటం ముందు నిలబడ్డాను.

చేసింది ఎవరో నాకు వెంటనే తెలిసిపోయింది, అంటే తెలిసిపోయిందని అనుకున్నాను. దావీదు. అంతకు ముందు వానాకాలంలో మా ఇంటి పెంకులు సర్దడానికి వచ్చి, ఈ ఇల్లు నిలబెట్టుకోవాల వదినా అన్నాడు, ఆ మాట నా చెవిలో అట్లాగే ఉండిపోయింది. పోలీసు నోట పాస్‌పోర్టు మాట విని, నేను పరదేశం పోవడానికి ఇల్లు అమ్ముకుంటానని భయపడి పోలీసుకు అబద్ధం చెప్పాడని తేల్చుకుని, నేరుగా ఆత్మకూరు పోయి, వాకిట్లోనే నిలబడి, “నా ఇంటి మీద కన్నేసి నా కాగితానికి అడ్డం పడినావు, నీది మనిషి పుట్టుకేనా?” అన్నాను. అతను గ్రీసు చేతులతో అట్లాగే నిలబడి ఒక్క మాట అనలేదు. తప్పు లేనివాడు అరుస్తాడు గదా, అరవలేదంటే తప్పు చేసినట్టేనని అదొక రుజువుగా రాసుకున్నాను. రూతమ్మ ఏడ్చింది. అవ్వ నోరు తెరిచి ఏదో అనబోయి ఆగిపోయింది, అది నేను చూశాను గానీ పట్టించుకోలేదు.

ఎనిమిది నెలలు ఆ ఇంటి గడప తొక్కలేదు. రూతమ్మ కూతురు పెన్నలో బాప్తిస్మం తీసుకుంటే పోలేదు. నేను ఎత్తుకుని పెంచిన పిల్ల, తడిబట్టలతో ఒడ్డుకొచ్చి జనంలో పెద్దమ్మ కోసం వెతికిందని తర్వాత ఎవరో చెబితే, అది కూడా వాళ్లే చెప్పించారని అనుమానించాను. మన సంఘాల్లో ప్రభు బల్ల ముందు పాస్టరు హెచ్చరిక చేస్తాడు గదా, సహోదరుడితో తగాదా ఉన్నవాళ్లు ముందు సమాధానపడి రమ్మని, ఆ హెచ్చరికకు భయపడి ప్రతి మొదటి ఆదివారం రొట్టె పళ్లెం నా దగ్గరకు రాగానే పక్కవాళ్లకు అందించేసేదాన్ని. ప్రార్థన మాత్రం మానలేదు, అయితే ఏం ప్రార్థన? “ప్రభువా, నా బతుకు ఆశ తుంచినవాణ్ణి నువ్వే చూసుకో, నేను చూస్తుండగా చూసుకో” అని. మోకాళ్లూని ఎనిమిది నెలలు శపించాను.

ఒక శనివారం పేట దర్గాకు పోయొస్తున్న జనంతో కిక్కిరిసిన బస్సులోంచి మరియమ్మ అవ్వ కర్ర పట్టుకుని ఉదయగిరిలో దిగింది, ఒక్కతే వచ్చింది. రాయబారానికి కొడుకు పంపించాడనుకుని మంచినీళ్లు కూడా ముఖం తిప్పుకుని ఇచ్చాను. ఆమె నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, చెప్పింది.

“ప్రభు బల్ల ముట్టక నాకు ఎనిమిది నెలలాయె సుగుణా. ఇంక నా వల్ల కాదు. పోలీసాయనకు చెప్పింది నేను, నా కొడుకు కాదు.”

ఆత్మకూరులో వాళ్ల వీధి సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. అంతకు ముందు ఏడు ఆ వీధిలో ఇద్దరాడవాళ్లు ఎవడో ఏజెంటు చేతిలో పెట్టిన దొంగ కాగితాలతో కువైట్ పోయి అగచాట్లు పడి తిరిగొచ్చారట, వాళ్ల కోసం పోలీసులు తిరిగినన్నాళ్లూ వీధంతా ఒక్క మాట మీద నిలబడిందట, పోలీసు ఆడమనిషి పేరు చెప్పి అడిగితే అట్లాంటి మనిషి ఇక్కడ లేదు అనడమే. నా పేరు చెప్పి కానిస్టేబులు విచారణకు వచ్చాడనేసరికి, నేను గుట్టుగా వచ్చి ఎవరికీ చెప్పవద్దన్న మాట గుర్తొచ్చి, నా మీద ఏదో కేసు పడిందని అవ్వ నిశ్చయించుకుంది. ఇంట్లో మిగతావాళ్లెవరూ లేరు.

“కోడి కూయకముందు ప్రభువును ఎరగనని మూడుసార్లు బొంకినాయన మాదిరి నేనూ మూడుసార్లు బొంకినాను. ఆ మనిషి లేదు నాయనా, రాలేదు, మాకు తెలియదు అని చెప్పినాను. పక్కిళ్లవాళ్ల చేత కూడా చెప్పించినాను. నా కొడుకును నువ్వు తిడతా ఉంటే నోటిదాకా వచ్చింది, చెప్తే నీ కేసు బయటపడుతుందని మింగినాను. ఏం తప్పు చేసినావో నేను అడగను. దేవుడు పెద్దోడు. పొద్దున్నే లేసి నీ కేసు కొట్టేయమనే అడుగుతా ఉండా.”

సహోదరులారా, పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడని ఆ మనిషి నన్ను కాపాడడానికి అబద్ధమాడి, ఆ పాపానికి రొట్టె ముట్టకుండా, కొడుకు మీద పడ్డ నిందను గొంతులో పెట్టుకుని, నేను నేరస్థురాలినని నమ్ముతూ కూడా నా కోసం ఎనిమిది నెలలు మోకాళ్ల మీదుంది! అదే ఎనిమిది నెలలు నేనూ మోకాళ్ల మీదున్నాను, ఆమె కొడుకును నాశనం చేయమని. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అవ్వ ముందే కూలబడి ప్రార్థించాను, “ప్రభువా, నాకు ఎవరూ అడ్డుపడలేదు, నా గుట్టే నాకు అడ్డుపడింది. నీ మీద కూడా అనుమానపడ్డాను తండ్రీ, నన్ను ఒంటరిదాన్ని చేసి చూస్తున్నావనుకున్నాను. ఈ దయ్యాన్ని నాలోంచి తీసేయి” అని. అవ్వ ఆమెన్ అని, ఇంతకీ కేసు ఏందమ్మా అని అడిగింది.

మర్నాడు నెలలో మొదటి ఆదివారం, ఇద్దరం కలిసి ఆత్మకూరు పోయాం. ఆరాధనలో హెచ్చరిక కాగానే నేను లేచి, సంఘం ముందు దావీదును క్షమాపణ అడిగి, నా ప్రయాణం సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పేశాను. దావీదు తల వంచుకుని, “మీ ఇల్లు నాకెందుకు వదినా, నా ఇంటికి సున్నం కొట్టుకోలేకనే చస్తా ఉండా” అన్నాడు, సంఘమంతా నవ్వింది, ఆ రోజు అవ్వా నేనూ పక్కపక్కనే కూర్చుని రొట్టె తీసుకున్నాం. బయటికి రాగానే మాత్రం చుట్టూ మూగి, ఒక్కతేనా, ఏం పని మీద, పని లేకుండా ఎవరైనా అంత దూరం పోతారా అని అడిగారు. చూడడానికి అంటే ఎవరూ నమ్మలేదు. కువైట్‌కే పోతోంది, చెప్పుకోలేక అట్లా అంటోందని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. అనుకోనివ్వండి, అనుమానంతో నేనెన్నేళ్లు బతికానో వాళ్లకేం తెలుసు!

ఈసారి ఉదయగిరి అడ్రసుతోనే దరఖాస్తు పెట్టాను. కానిస్టేబులు వస్తే మా వీధంతా బయటికొచ్చి సాక్ష్యమిచ్చింది, మంచి మనిషే గానీ పాపం షుగరు ఉండాదని కూడా చెప్పారట. పాస్‌పోర్టు వచ్చింది. సెలవూ మళ్లీ మంజూరైంది.

నాలోని అనుమానం పూర్తిగా చచ్చిందని గొప్పలు చెప్పను, పాలామె నవ్వితే ఇప్పటికీ ఒక్క క్షణం గిన్నెలోకి చూస్తాను. అయితే ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఆ పాస్‌పోర్టు ఫారంలో ఒక గడి ఉంది, ప్రమాదం జరిగినా ప్రాణం పోయినా ఎవరికి తెలియజేయాలి అని. మొదటిసారి ఆ గడిలో ఎవరి పేరూ రాయబుద్ధి కాక అడ్డగీత గీశాను. రెండోసారి ఫారం పట్టుకుని డిపోకు పోయి, దావీదుకు చూపించి, ఇక్కడ నీ పేరు రాసుకోనా అని అడిగాను. అతను చేతులు గుడ్డకు తుడుచుకుని, ఆ లైను కూడబలుక్కుని చదివాడు.

“రాయండి వదినా. ఆ దేశాలు యాడుండాయో నాకు తెలియదు. ఏమన్నా అయితే అడుక్కుంటా అయినా వస్తా.”

మద్రాసు కూడా చూడని మనిషి, నేను మనిషి పుట్టుకేనా అని అడిగిన మనిషి!

వచ్చే నెలలో బయలుదేరుతున్నాను. నా కోసం ప్రార్థించండి. ఇది చదువుతున్నవారిలో నా రోగమే ఉన్నవారు ఎవరైనా ఉంటే, మీరు ఎవరిని ఎక్కువ అనుమానిస్తున్నారో ఈ పూటే మోకాళ్లూని వాళ్ల పేరు చెప్పి దీవెన అడగండి, మొదట నోరు రాదు, అయినా అడగండి, నన్ను విడిపించినవాడు మిమ్మల్నీ విడిపిస్తాడు. పరాయి దేశం, ఒంటరి ప్రయాణం, నాకు భయంగానే ఉంది. కానీ నా కాగితంలో ఆ గడి ఖాళీగా లేదు, దేవునికే మహిమ.