పెద్దక్షరాల ఈదమ్మ

ఉప్పునుంతల మండలంలో ఒక చిన్న ఊరు. ఆ ఊళ్ళో పెంటయ్య, ఈదమ్మలకు మూడెకరాల చెలక ఉంది. వానలు పడితే పత్తి, పల్లి వేస్తారు. పడకపోతే ఆముదాలతో సరిపెట్టుకుంటారు. అలాంటి సంసారాలు ఆ చుట్టుపక్కల చాలానే ఉన్నాయి. కాని మధ్యాహ్నం అన్నాలు తిన్నాక అరుగు మీద కూర్చుని, మొగుడికి నవల చదివి వినిపించే ఇల్లాలు మాత్రం ఈదమ్మ ఒక్కతే.

ఆమె చిన్నప్పుడు బడికి పోలేదు. పెంటయ్య కూడా పోలేదు. పెళ్ళైన కొత్తలో కరువొచ్చి ఇద్దరూ మేస్త్రీ వెంట కాలువ పనులకు వలసపోయారు. ఆ గుంపులో డేవిడ్ అనే ఆయన ఉండేవాడు. పని దిగాక గుడిసె రేకు మీద బొగ్గుతో అక్షరాలు రాసి, నేర్చుకుంటామన్న వాళ్ళకు నేర్పేవాడు. మొదట్లో చాలామందే కూర్చున్నారు. తట్టలు మోసి మోసి ఒళ్ళు హూనమై పెంటయ్యతో సహా ఒక్కొక్కరే జారుకున్నారు. ఈదమ్మ మాత్రం నిద్రకు కళ్ళు వాలిపోతున్నా రేకు ముందునుంచి లేచేది కాదు.

ఒకరోజు కిరాణా కొట్టువాడు ఉల్లిగడ్డలు పొట్లం కట్టిచ్చిన కాగితం విప్పి, కూడబలుక్కుంటూ చదవసాగింది. ఏదో వారపత్రికలోని సీరియల్ ముక్క అది. ఒక పిల్ల ఇంట్లో ఎవరికీ చెప్పకుండా రైలెక్కింది. అక్కడితో కాగితం అయిపోయింది.

“మల్లేమాయె?” అన్నాడు పెంటయ్య.

“ఏమో. కాయితం గింతే ఉంది.”

మర్నాడు పెంటయ్య ఆ కొట్టుకే పోయి మిగతా కాగితం కావాలని అడిగాడు. కొట్టువాడు నవ్వి పంపేశాడు. పెంటయ్యకు మనసు ఆగలేదు. కూలి దొరికిన రోజు బస్టాండు దాకా నడిచిపోయి, అట్ట చినిగిన పాత నవల ఒకటి పట్టుకొచ్చి భార్య ఒళ్ళో పెట్టాడు. ఆ పిల్ల కథ కాదది, వేరే కథ. అయినా ఇద్దరూ అందులో పడిపోయారు.

ఊరికి తిరిగొచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. నాగర్‌కర్నూల్ పోయినప్పుడల్లా పాత పుస్తకాలు తెచ్చుకునేవారు. ఈదమ్మ చదువుతుంటే పెంటయ్య పల్లికాయ ఒలుస్తూ వినేవాడు. వినడమంటే ఊరికే వినడం కాదు. కథలో వాళ్ళను తిట్టేవాడు, బుద్ధి చెప్పేవాడు, ఒక్కోసారి వాళ్ళ తరఫున ఈదమ్మతోనే జగడం పెట్టుకునేవాడు. ఆమె పుస్తకం మూసి, “నువ్వు నోర్మూస్తేనే సదువుత” అనేది. ఆయన కాసేపు నోరు మూసుకునేవాడు.

యాభై దాటాక ఈదమ్మకు షుగర్ వచ్చింది. మందులు వేసుకుంటూనే ఉంది గాని, పోయినేడు వానాకాలం నుంచి అక్షరాలు మసకబారాయి. మొగుడికి చెప్పలేదు. చెబితే చదవడం మానెయ్యమంటాడని భయం. రోజూ పుస్తకం తెరిచి పట్టుకునేది. కనిపించిన ముక్క చదివేది, కనిపించని చోట తనకు తోచింది కలిపేది. పోనుపోను కలిపేదే ఎక్కువైంది.

ఒకనాడు కథ నడుమ పెంటయ్య పల్లికాయ ఒలవడం ఆపి తలెత్తాడు.

“ఏమే, ఆ దివాను పాము గరిచి సచ్చిపాయె గద! మల్ల పంచాయితీకి ఎట్ల వచ్చిండు?”

ఈదమ్మ పేజీలు అటూ ఇటూ తిప్పింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“కండ్లు కనవడ్తలేవా?” అన్నాడాయన మెల్లగా.

“పెద్దయి కనవడ్తయి. గీ సన్న అక్షరాలు చీమల లెక్క పాకుతున్నయి.”

“మరి గిన్నొద్దుల సంది ఏం సదివినవే?”

“నాకు తోచింది చెప్పిన.”

పెంటయ్య ఆమె చేతిలోని పుస్తకం తీసుకుని మూసి పక్కన పెట్టాడు.

“మంచిగనే చెప్పినవు” అన్నాడు. “అయినా పొద్దుగాల దవాఖానకు పోదాం పా.”

కూతురు జయశ్రీ నాగర్‌కర్నూల్లో నర్సు. దగ్గరుండి పరీక్షలు చేయించింది. షుగర్ వల్ల కంటి లోపలి పొర దెబ్బతిన్నదని, ఉన్న చూపును కాపాడతాం గాని పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు చెప్పాడు. పెద్ద అక్షరాలైతే చదువుకోవచ్చు, సన్న అక్షరాల కోసం అవస్థ పడొద్దన్నాడు.

ఆ సాయంత్రం కూతురి ఇంట్లో దాని మీదే చర్చ.

“అమ్మకు ట్యాబ్ కొందాం” అంది జయశ్రీ. “తెర పెద్దగుంటది. అక్షరాలు ఎంత కావాల్నంటే అంత పెద్దగ జేసుకోవచ్చు. అసలు అమ్మ సదివే పనే లేదు, అదే సదివి వినిపిస్తది.”

అల్లుడు ప్రేమ్ కుమార్ జూనియర్ కాలేజీలో లెక్చరరు, పుస్తకాలంటే ప్రాణం. “సదవనీకైతే ఈ-రీడరే మంచిది” అన్నాడు. “కాయితం లెక్క ఉంటది, వెలుగు కండ్లకు కొట్టదు. ఎండల గూడ కనవడ్తది. దినాం చార్జింగ్ పెట్టే తిప్పలు గూడ లేదు.”

“చిన్న పలకంత ఉంటది. రంగులు లేవు, బొమ్మలు లేవు. మాట్లాడ్తదా అంటే నీ దగ్గరున్నది మాట్లాడనే మాట్లాడదు. పాత తెలుగు పుస్తకాలు దాంట్ల ఎన్ని దొరుకుతయి?”

“తక్కువనే దొరుకుతయి. అది నిజమే” అని ఒప్పుకున్నాడు అల్లుడు.

“మీరు నా కండ్ల కోసం కొట్లాడకుండ్రి” అంది ఈదమ్మ. “ఏది తెచ్చినా సంబురమే.”

కూతురి మాటే నెగ్గింది. కొత్త ట్యాబ్ ఊరికి వచ్చింది. జయశ్రీ దాంట్లో నవలలు వేసి, ఎక్కడ నొక్కితే చదువుతుందో చూపించి పోయింది.

అరుగు మీద పెట్టుకుంటే తెరలో అక్షరాలకు బదులు ఈదమ్మకు తన ముఖమే కనిపించింది. లోపలికి తీసుకుపోతే కనిపించాయి గాని, కాసేపటికే కళ్ళు మండి నీళ్ళు కారాయి. సరే, అదే చదవనీ అని నొక్కింది. ఒక ఆడగొంతు గబగబా మొదలుపెట్టింది. తప్పుల్లేవు, తడబాటు లేదు.

పెంటయ్య వినడానికి ప్రయత్నం చేశాడు. మధ్యలో “వీడు దొంగ, నేను మొదలే అన్న” అన్నాడు అలవాటు కొద్దీ. ఆ గొంతు పట్టించుకోకుండా ముందుకు పోయింది. “ఆగు” అన్నాడు. ఆగలేదు. ఈదమ్మ వెతికి వెతికి ఆపేసరికి కథ ఎక్కడికో పోయింది. కాసేపటికి ఆయన బర్రెకు నీళ్ళు పెట్టాలని లేచిపోయాడు. అది నీళ్ళు పెట్టే వేళ కాదు.

ఈదమ్మ చేట తెచ్చుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చుంది. ఇంట్లో తన పని ఇంకెవరో వచ్చి చేస్తున్నట్టూ, తను చుట్టంచూపుగా వచ్చినట్టూ అనిపించింది. రెండు మూడు రోజులు అలా గడిచాక ట్యాబ్‌ను గుడ్డలో చుట్టి గూట్లో పెట్టింది. కూతురు ఫోన్ చేసి అడిగితే, “మంచిగుంది బిడ్డా, ఇంటున్నం” అని చెప్పింది.

ఒక ఆదివారం జయశ్రీ వచ్చింది. గూట్లో గుడ్డచుట్ట చూసి, “సదువుతలేరా?” అంది. ఈదమ్మ ఏదో సర్దిచెప్పబోయింది. పెంటయ్య దాచలేదు.

“సదువుతది బిడ్డా, మంచిగనే సదువుతది. కని ఏడ్చే కాడ ఏడుపు లేదు, నవ్వే కాడ నవ్వు లేదు. మా దివాను పుస్తకమేమో దాంట్ల లేకపాయె. ఆడికే ఆగిపాయె.”

జయశ్రీ ఆ పుస్తకం కోసం నెట్లో వెతికింది. దొరికింది గాని, అది పాత పేజీలను ఎవరో ఫొటోలు తీసి పెట్టిన ప్రతి. బొమ్మ కాబట్టి ట్యాబ్ గొంతు దాన్ని చదవలేకపోయింది. జయశ్రీ విసుగ్గా దాన్ని పక్కన పెట్టి, “ఆ పుస్తకమే ఇటియ్యి నాయినా, నేను సదువుత” అంది.

జయశ్రీ చిన్నప్పటినుంచీ హాస్టళ్ళలోనే చదువుకుంది. తల్లి దగ్గర కూర్చుని ఒక కథ మొత్తం విన్నది ఎన్నడూ లేదు. ఇప్పుడు చదువుతుంటే తండ్రి మాటిమాటికీ అడ్డం వస్తున్నాడు, తల్లి జవాబు చెబుతోంది. ఒకచోట జయశ్రీ గబగబా పోతుంటే ఈదమ్మ ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది.

“జర నిమ్మలంగ సదువు బిడ్డా. ఆమె ఆడ ఏడుస్తుంది.”

జయశ్రీ ఆగింది. ఆ ముక్కను మళ్ళీ మొదటినుంచి నిదానంగా చదివింది. పెంటయ్య కండువాతో ముక్కు తుడుచుకున్నాడు. ఈదమ్మ పెదవులు చప్పుడు లేకుండా కూతురితో పాటు కదులుతున్నాయి. అది చూసి జయశ్రీ ఇంకా నిదానించింది. పుస్తకం పూర్తయ్యేసరికి నీరెండ పడింది.

“అమ్మా, నీకు సదివే కష్టం తప్పియ్యాల్ననుకున్న. ఆ సదువుడే నీకు కావాల్నని నాకు తట్టలే.”

“నాకు మాత్రం అడగనీకె వచ్చిందా బిడ్డా? నువ్వు పావురంతోని, ప్రేమతోని తెస్తివి. వద్దని ఎట్ల అనాలె?”

తర్వాతి వారం ప్రేమ్ కుమార్ తన ఈ-రీడర్ తెచ్చి అత్త చేతిలో పెట్టాడు. “అత్తమ్మా, అక్షరాలు ఎంత పెరుగుతయో అంత పెంచిన. చూడు.”

ఈదమ్మ అరుగు మీదికి పోయి, ఎండ పడుతున్న చోటే కూర్చుంది. పేజీకి నాలుగైదు వరుసలే ఉన్నాయి. అక్షరాలు మాత్రం కందిగింజలంత ఉన్నాయి. మొదటి వాక్యం పైకి చదివింది. తడబడింది. మళ్ళీ చదివింది. ఈసారి గొంతు నిలబడింది. పెంటయ్య గోడకు చేరగిలబడి, “ఊఁ, కానియ్యి” అన్నాడు.

పేజీకి అంత తక్కువ పట్టడంతో నిమిషానికోసారి తెర తాకాలి. చేత పట్టుకున్నప్పుడల్లా ఈదమ్మ బొటనవేలు తగిలి పేజీలు ఎగిరిపోయేవి. అందుకని పట్టుకునే పని పెంటయ్య తీసుకున్నాడు. ఆమె “ఆఁ” అంటే ఆయన తాకుతాడు. ఒక్కోసారి తప్పు పక్కన తాకి కథను వెనక్కి తీసుకుపోతాడు, తిట్లు తింటాడు.

కావలసిన పుస్తకాలన్నీ అందులో దొరకవు. దొరికినవి ప్రేమ్ కుమార్ వేసిస్తున్నాడు. ట్యాబ్ జయశ్రీ దగ్గరికే తిరిగిపోయింది. కంటి పరీక్షకు వచ్చినప్పుడు వీళ్ళిద్దరినీ సోఫాలో కూర్చోబెట్టి, దాంట్లో ఫొటో పేజీలు పెద్దవి చేసుకుంటూ ఆమే చదివి వినిపిస్తుంది. ఎక్కడ ఆగాలో ఇప్పుడామెకు కొంచెం తెలుసు. ఈదమ్మ చూపు పెరగలేదు, తగ్గనూ లేదు.

మొన్న చదువుతుండగా పెంటయ్య తెర మీద వేలు పెట్టాడు.

“గీ సున్న మీద టోపీ ఉన్నదేందే?”

“అది ర.”

“ర” అన్నాడాయన. తర్వాతి పేజీ రాగానే ఈదమ్మ చదవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. “ఆగు, దీంట్ల ఉన్నదా లేదా చూడనీ.”

ఆయన వేలు ఒక్కో వరుస మీద మెల్లగా జరుగుతోంది. ఈదమ్మ కథ ఆపి, ఆ వేలినే చూస్తూ కూర్చుంది.